యాంటెన్నా పెద్దమనిషి

నల్లగొండలోగాని, పాలమూరులోగాని వాడకట్టుకొక పెద్దమనిషి ఉంటాడు. పంచాయితీ చెప్పేటందుకు ఒకాయన, సంబంధాలు కుదిర్చేటందుకు ఒకాయన, తేలు కుడితే మంత్రమేసేటందుకు ఇంకొకాయన. 1980ల్లో వీళ్ల సరసన ఇంకో పీట పడ్డది. అది యాంటెన్నా తిప్పే పెద్దమనిషిది. ఆయన మెకానిక్కు కాదు. మెకానిక్కు పైసలు తీసుకుంటాడు, పని చేస్తాడు, పోతాడు. ఈయన పైసా ముట్టడు, పని తెగనియ్యడు, ఇంటికి పోడు.

ఆయన పుట్టుకకు కారణం భూగోళమే. హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం 1977లో మొదలైంది. మన రెండు ఊళ్లూ అక్కడికి వంద కిలోమీటర్ల అటూ ఇటూ. టీవీ అలలు సూటిగా పోతాయి, భూమేమో గుండ్రంగా ఉంది. వంద మీటర్ల టవరు మీద నుంచి బయలుదేరిన అల, డాబా మీద పది మీటర్ల ఎత్తున్న పైపుకు సూటిగా అందేది యాభై, యాభై అయిదు కిలోమీటర్ల దాకానే. ఆ తర్వాత అందేదంతా వంగి, చిక్కి, దయతలచి వచ్చిందే. 1984లో దేశమంతటా రిలే కేంద్రాలు జోరుగా పెట్టారు. అయితే వాటిలో చాలామటుకు 100 వాట్ల చిన్నవి, ఊరు దాటి ఇరవై కిలోమీటర్లు పోతే వాటికీ ఆయాసమే. అందుకని పట్నమోళ్లకు టీవీ అంటే ఒక పెట్టె. మనకు మాత్రం పెట్టె, పైపు, పెద్దమనిషి మూడూ కలిస్తేనే టీవీ.

ఆయన శాస్త్రం ఆయనది. పాలమూరుకు హైదరాబాదు ఈశాన్యాన ఉంటుంది. "దేవుని మూలకు పెట్టినం, ఇగ బొమ్మ రాక యాడికి పోతది?" అనేవాడు పాలమూరు పెద్దమనిషి. నల్లగొండ నుంచైతే హైదరాబాదు వాయవ్యం దిక్కు. అక్కడి పెద్దమనిషి కూడా తడుముకోలేదు: "వాయవ్యమంటే గాలి మూల. బొమ్మ ఒచ్చేది గాలిలనే కదా?" ఇద్దరూ పెట్టిన దిక్కు సరైందే. కారణాలే వాస్తువి.

యాంటెన్నా అనే ఆ కడ్డీల నిచ్చెనకు ఆద్యులు యాగి, ఉడా అనే ఇద్దరు జపాను ఆచార్యులు. 1926లో లెక్కగట్టారు: పొడుగు కడ్డీ వెనక, వైరు తగిలించే కడ్డీ నడుమ, పొట్టి కడ్డీలు ముందర. పొట్టివి చూసే దిక్కు నుంచే అల దండిగా అందుతుంది. పెద్దమనిషి ఈ లెక్కను కాదనడు, దాని మీద ఒక సత్తు పళ్లెం కడతాడు. సత్తు పళ్లెం ఎందుకని అడిగితే "గుంజుతది" అంటాడు. ఏం గుంజుతుందో చెప్పడు. నెల తిరిగేసరికి ఆ పళ్లెంలో కాకులు తిని పోతుంటాయి, కోతులు కడ్డీలు వంచిపోతుంటాయి. మళ్లీ ఆయనకే పిలుపు.

ఆయన విశ్వరూపం చూడాలంటే మహాభారతం వచ్చే ఆదివారం పొద్దున చూడాలి. 1988 అక్టోబరు నుంచి 1990 జూన్ దాకా వాడకట్టులో ధర్మం నిలబడ్డదంటే అది ఆయన చేతి మీదనే. ఆయన డాబా మీద, ఇంటాయన వాకిట్లో, పిల్లగాడు దర్వాజ కాడ, ముసలమ్మ టీవీ ముందర.

"ఒచ్చిందా?"

"ఒస్తలేదు కాకా!"

"ఇప్పుడు?"

"ఒచ్చె, ఒచ్చె... పోయె!"

"బొమ్మ పోయిందా, మాట పోయిందా? సక్కగ చెప్పున్రి!"

అడగవలసిన ప్రశ్నే అది. బొమ్మకూ మాటకూ అలలు వేరు వేరు, ఒకటి వచ్చి ఇంకొకటి రాకపోవడం రోజూ ఉండేదే. కానీ ఆ ప్రశ్న వాకిలి దాటి, దర్వాజ దాటి ముసలమ్మ దగ్గరికి పోయి, జవాబు అదే తొవ్వన తిరిగి వచ్చేసరికి ఆయన చెయ్యి ఆగదు కదా. "ఆగు" అన్న మాట చేరేటప్పటికి యాంటెన్నా జానెడు దాటిపోయి ఉంటుంది. ముసలమ్మ లోపలి నుంచి తీర్పు చెబుతుంది: "బిడ్డా, భీష్ముడు ఒచ్చిండు గని, ఇద్దరొచ్చిన్రు."

ఇద్దరు రావడానికి కారణం గుట్ట. నల్లగొండకు ఒక దిక్కు లతీఫ్ సాహెబ్ గుట్ట, ఇంకో దిక్కు కాపురాల గుట్ట. నేరుగా వచ్చిన అల ఒక భీష్ముణ్ని తెస్తే, గుట్టకు తగిలి తిరిగొచ్చిన అల ఇంకొక భీష్ముణ్ని కాస్త ఆలస్యంగా తెస్తుంది. గుట్ట మీదుగా ఒక కిలోమీటరు ఎక్కువ తిరిగొస్తే, ఇరవై అంగుళాల టీవీలో రెండో భీష్ముడు ఒక అంగుళం కుడికి నిలబడతాడు. 1983లో తెలుగు వార్తలు మొదలుపెట్టిన శాంతిస్వరూప్ గారు దేశానికంతా ఒక్కరే అయినా, గుట్ట కింది ఇండ్లలో జంటగా కూర్చొని వార్తలు చదివారు.

ఇక్కడ పెద్దమనిషికి దండం పెట్టాలి. ఈ లెక్కలేవీ ఆయనకు తెలియవు, మందు మాత్రం తెలుసు. హైదరాబాదు దిక్కు నుంచి యాంటెన్నాను కావాలనే కొంచెం పక్కకు తప్పిస్తాడు. అసలు బొమ్మ పిసరంత చిక్కుతుంది గాని, గుట్ట నుంచి వచ్చే అల కడ్డీలకు చెవిటి దిక్కున పడి రెండో భీష్ముడు మాయమవుతాడు. ఈ ఒడుపు ఆయన చేతికి ఎట్లా వచ్చిందో ఆయనకే తెలియదు. అడిగితే మళ్లీ సత్తు పళ్లెం గురించే చెబుతాడు.

ఆయన పట్టుకుంటే బొమ్మ వస్తుంది, వదిలితే పోతుంది. ఉప్పునీళ్ల ఒళ్లు కదా, అలకు మనిషి కూడా ఒక కడ్డీయే. వాడకట్టు మాత్రం దీన్ని హస్తవాసి కింద జమకట్టింది. "జర గట్లనే పట్టుకో కాకా, యుద్ధం అయిపోయేదంక" అన్నారు. యుద్ధమా, ఒక ఆదివారంతో తెగేది కాదు. కురుక్షేత్రం పొడుగూతా ఆయన ఎండలో పైపు పట్టుకొని నిలబడ్డాడు. ఎవరు చచ్చారో, ఎవరు గెలిచారో కింద నుంచి కేకేసి చెబితే విన్నాడు.

అయితే ఆయనకు బొమ్మ మీద ప్రేమ ఉందనుకుంటే పొరపాటే. బొమ్మ నిక్కచ్చిగా కుదిరిన క్షణాన ఆయన ముఖం చూడండి, దిగులు కనబడుతుంది. కుదిరితే ఇక దిగాలి. దిగితే అందరి లెక్కనే చాప మీద కూర్చోవాలి. అందుకే, "చాలు కాకా, మంచిగొస్తుంది" అని అందరూ మొత్తుకుంటుంటే "ఇంకింత మంచిగొస్తది సూడున్రి" అని ఇంకింత తిప్పుతాడు. తెర మీద బియ్యం చల్లినట్టు చుక్కలు. ఆయన ప్రాణం మళ్లీ కుదుటపడుతుంది. మంచి బొమ్మకూ అసలే రాని బొమ్మకూ నడుమ వెయ్యి మెట్లున్నాయి. ఆయన కాపురం ఆ మెట్ల మీద.

ఆ మెట్లను డిజిటల్ కూల్చింది. 2004లో దూరదర్శన్ ఉచిత డిష్ వచ్చింది. దాంట్లో బొమ్మ వస్తే అద్దంలా వస్తుంది, లేకుంటే "నో సిగ్నల్" అని పలక పడుతుంది. మసక లేదు, ఇద్దరు భీష్ములు లేరు, బేరం లేదు. పైగా ఆ గొడుగు నల్లగొండలో పెట్టినా, పాలమూరులో పెట్టినా ఆగ్నేయానికే చూడాలి. "పొయ్యి మూలకు పెడితే బొమ్మ మాడదా?" అని పెద్దమనిషి నొచ్చుకున్నాడు. మాడలేదు. అది ఇంకా నొప్పించింది. 2022 నాటికి పాత అనలాగ్ ట్రాన్స్‌మీటర్లను, సరిహద్దుల వంటి చోట్ల కొన్నింటిని తప్ప, ప్రసార భారతి ఆపేసింది.

ఆయన మాత్రం ఆగలేదు. డిష్షుకు వచ్చే అల మరీ సన్ననిది, గట్టి వాన పడితే నీటి చుక్కలే దాన్ని మింగేస్తాయి. వాన వెలిసేదాకా కాసేపు ఆగితే బొమ్మ దానంతటదే వస్తుంది. కానీ ఎవరాగుతారు? "కాకా, జర సూడరాదూ" అని పిలుస్తారు. ఆయన గొడుగేసుకొని డాబా ఎక్కి డిష్షు నాలుగు దిక్కులా తడిమి చూస్తాడు. ఈలోగా వాన వెలుస్తుంది, బొమ్మ వస్తుంది, పేరు ఆయనకొస్తుంది.

పాలమూరులో వాన కోసం మొక్కని మనిషి లేడు. ఈయనా మొక్కుతాడు, అందరికంటే గట్టిగా. ఈయనకు గుంట భూమి కూడా లేదు.