హంసలదీవికి ఎడారి పాఠాలు

తోటపని నేర్పే గురువుకి ఈ రోజుల్లో ఒక్క అర్హత ఉంటే చాలు: మన ఊరివాడు కాకూడదు. ఎంత దూరాన ఉంటే అంత పండితుడు. సముద్రం అవతల ఉన్నాడంటే ఇక ఎదురు ప్రశ్నే లేదు.

హంసలదీవి దగ్గర ఇల్లు కట్టుకున్న ఓ రిటైర్డు మాస్టారినే తీసుకోండి. (దివిసీమలో ఇలాంటివాళ్ళు వీధికొకరు ఉన్నారు; అందరినీ కలిపి ఒకాయన్ని చేశాను.) కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటు కదా, నీళ్ళకి కరువేముంది? కానీ మట్టిలో ఉప్పు ఎక్కువైతే ఎంత తడి ఉన్నా వేరు దాన్ని లాక్కోలేదు. మడి తడిగా ఉండగానే మొక్క వాడిపోతుంది. అది చూసి మాస్టారు తేల్చేశారు: ఇది ఎడారి. ఎడారికి గురువు కావాలి. ఫోను తెరిస్తే అరిజోనా నుంచి ఒకాయన ప్రత్యక్షమయ్యాడు.

మడిని నేలకంటే లోతుగా తవ్వు, పడిన చుక్క బయటికి పోకూడదు అన్నాడాయన. ఏడాది మొత్తానికి 200 మిల్లీమీటర్ల వాన కూడా పడని ఫీనిక్స్‌లో అది బంగారంలాంటి సలహా. దగ్గర దగ్గర వెయ్యి మిల్లీమీటర్లు కురిసే కృష్ణా జిల్లాలో ఆ మడిలో వంకాయలు కాదు, కొర్రమీనులు పెంచుకోవాలి. నీళ్ళు పొదుపుగా, రోజూ పైపైన చిలకరించమన్నాడు. మాస్టారు చిలకరించారు. నీరు ఆవిరైంది, ఉప్పు పైన పేరుకుంది. ఆకు పసుపెక్కితే ఎప్సమ్ సాల్టు వెయ్యమన్నాడు. ఉప్పుకి ఉప్పే విరుగుడన్నమాట! చివరికి, బోరు ఇంకాస్త లోతుకి దింపమన్నాడు.

తీరం ఇసుకలో దొరువు తవ్వుకుని బతికిన ముసలమ్మని అడిగినా ఆ బోరు వేయనిచ్చేది కాదు. వాన నీరు తేలిక, ఉప్పు నీరు బరువు. తీపి నీరు పైనే తేలుతుంది, ఆశపడి లోతుకి పోతే ఉప్పు ఎగదన్నుతుంది. బాపట్లలో ఉప్పు నీటి మీద పరిశోధించే శాస్త్రవేత్తలు ఆ దొరువునే మెరుగుపరిచి, తక్కువ లోతులో గొట్టాలు పరిచి తీపి నీటిని మాత్రం తోడుకునే పద్ధతి తయారుచేశారు. మచిలీపట్నం పరిశోధనా స్థానం చౌడుకి తట్టుకునే ఎంసిఎం వరి రకాలిచ్చింది. ఘంటసాలలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. 1977 నవంబరు 19 ఉప్పెన ముంచెత్తిన పొలాలని మళ్ళీ దున్నినవాళ్ళు ఇంకా అరుగుల మీద కూర్చునే ఉన్నారు. పాలచౌడుకి మంచినీరు పెట్టి, మురుగు తీసి ఉప్పు కడగాలనీ, కారుచౌడుకి జిప్సం వెయ్యాలనీ, జీలుగ చల్లి కలియదున్నాలనీ వాళ్ళు చెబుతారు. కానీ వాళ్ళ చేతిలో మైకు లేదు, వెనక సంగీతం రాదు.

తమాషా ఏమిటంటే, మాస్టారి అబ్బాయి ఉండేది ఆ ఫీనిక్స్‌లోనే. అతని గురువు ఎవరనుకున్నారు? హంసలదీవిలో ఉన్న వాళ్ళమ్మ. “మృగశిర కార్తె వచ్చేసింది నాన్నా, టమాటా నారు నాటావా?” అని ఆవిడ వాట్సాప్‌లో అడిగితే జూన్‌లో నాటాడు. అక్కడ టమాటా నాటేది ఫిబ్రవరి, మార్చిల్లో. 2023లో ఆ ఊళ్ళో వరసగా 31 రోజులు 43 డిగ్రీలు దాటింది. నారు సంగతి చెప్పక్కర్లేదు. అరిజోనా విశ్వవిద్యాలయం వాళ్ళు ఫీనిక్స్ ఉన్న కౌంటీకి ఏ నెలలో ఏది నాటాలో పట్టిక వేసి ఉచితంగా ఇస్తారు. వాళ్ళ దగ్గర శిక్షణ పొందిన మాస్టర్ గార్డెనర్లు అడిగినవాళ్ళకి జవాబు చెబుతారు. వాళ్ళు చెప్పేదీ అదే: అరుదుగా పెట్టు, లోతుగా తడుపు, ఉప్పు వేరు కిందకి దిగిపోవాలి. అంటే మాస్టారి గురువు తన ఊరి నిపుణుల మాటే వినలేదు! సంప్రదాయం అన్ని ఖండాల్లోనూ ఒక్కటే.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని మనవాళ్ళు ఊరికే అన్నారా? దగ్గరి నిపుణుడితో అసలు చిక్కు వేరే ఉంది. అతను వచ్చి చూస్తాడు. మట్టి గోటితో గీకి, “చిక్కుడు మానెయ్యండి మాస్టారూ, సపోటా పెట్టుకోండి” అనేస్తాడు. దూరపు గురువు ఏ మొక్కనీ కాదనడు, ఏ పెరడునీ చూడడు. మనకి కావలసింది అలాంటివాడే.

మొన్న వ్యవసాయ సహాయకుడు అర కేజీ మట్టి ఇవ్వమన్నాడు, పరీక్షకి పంపుతానని. పెరట్లో నాలుగైదు చోట్ల తీసి కలపమన్నాడు కూడా. అంత శ్రమ ఎందుకని మాస్టారు మట్టికి ఫొటో తీసి గురువుగారికే పంపారు. పైన తెల్లటి పొర తళతళలాడుతోంది. సాయంత్రానికల్లా జవాబు వచ్చింది: “మీ నేల చాలా రిచ్‌గా ఉంది సార్, ఎప్సమ్ సాల్టు డోసు రెట్టింపు చేయండి.”