కరపత్రాల మేధావి

పాలసీ చదివినవాడికి ఒక జబ్బుంటుంది. ఎక్కడ ఏది ఖాళీగా కనబడినా "జనానికి అవగాహన లేదు" అనేస్తాడు. ఆ జబ్బు బాగా ముదిరిన రోజుల్లో నాకు హైదరాబాద్‌లో నిరాశ్రయుల షెల్టర్లు నడిపే ఒక సంస్థలో ఉద్యోగం దొరికింది. సోషల్ పాలసీలో ఎం.ఏ., ఫస్ట్ క్లాసు. నిరాశ్రయుల కోసం బ్రిటన్ 1977లో చేసిన చట్టం మీద వ్యాసం రాసి మెప్పు పొందినవాణ్ణి. ఫిన్లాండ్ 2008 నుంచి హాస్టళ్ళు తగ్గించుకుంటూ మనిషికో అద్దె ఇల్లు ఇస్తూ వచ్చిన వైనం నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పేవాణ్ణి. మా నాన్న మాత్రం చుట్టాలతో "మున్సిపాలిటీలో ఏదో ఆఫీసరు" అని సరిపెట్టేవారు.

మా షెల్టర్లో సగం మంచాలు ఖాళీ. బయట ఫుట్‌పాత్ నిండా జనం. నేను కనిపెట్టిన మందు కరపత్రం. తెలుగు, హిందీ, ఉర్దూల్లో, నాలుగు రంగుల్లో, దారి చూపే మ్యాపుతో సహా వేయించాను. రాత్రి ఎనిమిదింటికి సికింద్రాబాద్ స్టేషన్ చుట్టుపక్కల పంచాం. తీసుకున్నవాళ్ళంతా ముసలివాళ్ళో, జబ్బుపడ్డవాళ్ళో. వయసులో ఉన్నవాళ్ళు ఏరీ అన్న అనుమానమే రాలేదు నాకు. కాగితం మందంగా ఉంది కాబట్టి కొందరు కింద పరుచుకున్నారు. ఆ మేరకు పథకం ఫలించింది.

ఫిబ్రవరి లెక్కలు తీస్తే సంఖ్య ఇంకా పడిపోయింది. గ్రాఫు గీసి, కింద "చలి తగ్గుముఖం పట్టడం వల్ల" అని కారణం రాశాను. నేల తుడుస్తున్న కేర్‌టేకరమ్మ నా స్క్రీన్ వైపు చూసి ఏందా గీత అని అడిగింది. చెప్పాను.

"చలి కాదు సార్, మాఘం. లగ్గాలు. పోరగాళ్ళంత కేటరింగ్‌కు పోయిండ్రు. ఫంక్షన్ హాల్లో గిన్నెలు కడిగి వచ్చేసరికి మూడైతది. మన గేటుకు పదింటికే తాళం పడె."

ఇదంతా ఆమెకు మొదటినుంచీ తెలుసు. ఎవరూ అడగలేదు, అంతే. అడగాల్సినవాణ్ణి నేనే.

అసలు సిగ్గుపడాల్సింది ఇంకోటుంది. ఆహార హక్కు కేసులో 2010లో సుప్రీంకోర్టు పెద్ద నగరాల్లో లక్ష జనాభాకి ఒక షెల్టర్ ఉండాలంది, అది 24 గంటలూ తెరిచి ఉండాలంది. 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ కూడా ఆ మాటే పట్టుకుంది. ఈ సంగతి నా రిపోర్టు మొదటి పేజీలోనే బోల్డ్ అక్షరాల్లో ఉంది. ఆ వాక్యం టైపు చేసిన రాత్రి కూడా మా గేటు పదింటికే మూశారు. ఆలస్యమైపోయిందని తాళం తీయించుకుని నేనే ఇంటికెళ్ళాను!

2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద ఇల్లు లేనివాళ్ళు 17.7 లక్షలని తేలింది. వాళ్ళ కోసం గణకులు తిరిగింది ఒక్క రాత్రే, ఫిబ్రవరి 28న. పంచాంగం తీసి చూశాను. మాఘమాసమే. ఫంక్షన్ హాళ్ళ వెనక గిన్నెల దగ్గరున్నవాళ్ళు ఎంతమంది ఆ లెక్కకి అందారో!

ప్రశ్నావళి సంగతి చెప్పాలంటే ఇంకా నామోషీ. నాలుగు పేజీలు. రెండో ప్రశ్నే "ఇల్లు ఎందుకు విడిచిపెట్టారు?" ముక్కూమొహం తెలియనివాణ్ణి నిద్రలోంచి లేపి అడిగేవాణ్ణి. ఒక పెద్దాయన నాతో కొడుకు కొట్టి వెళ్ళగొట్టాడన్నాడు. నా తోటి ఉద్యోగితో వానకి ఇల్లు కూలిందన్నాడు. నేను 'కుటుంబ కలహం' దగ్గర టిక్కు పెట్టాను, అతను 'విపత్తు' దగ్గర పెట్టాడు. పట్టికలో ఆ ఒక్క మనిషీ ఇద్దరయ్యాడు. నిలదీయడానికి వెళితే ఆయనే నన్ను అడిగాడు, "ఏది రాస్తే దుప్పటి వస్తది సారూ?"

ఈ పనిలో జీతం చెప్పుకునేంత కాదు. కాంట్రాక్టు ఏడాదికే. ప్రాజెక్టు పోతే ఉద్యోగం పోతుంది. పై మెట్టు ఎక్కితే మనుషుల కన్నా ఫైళ్ళే ఎక్కువ కనబడతాయి. పనికొచ్చేవన్నీ సిలబస్ బయటే నేర్చుకున్నాను. షెల్టర్ వార్డెన్ ఇచ్చే ధ్రువపత్రంతో ఆధార్ నమోదు చేయించడం అందులో ఒకటి. పెద్దాసుపత్రిలో అడ్మిషన్ రాయించడం ఇంకొకటి. "పేషెంట్ వెంట ఎవరు?" అన్నదే అక్కడ మొదటి ప్రశ్న. బంధుత్వం గడిలో నేను "ప్రోగ్రాం ఆఫీసర్" అని నింపాను. నర్సమ్మ విసుక్కుని దాన్ని కొట్టేసి "కొడుకు" అని రాసి, దుప్పటి అడిగిన ఆ పెద్దాయన్ని స్ట్రెచర్ ఎక్కించమంది. ఫైలు కదిలింది.

గేటు తాళంచెవి ఇప్పుడు రాత్రంతా కేర్‌టేకరమ్మ దగ్గరే ఉంటుంది. మూడింటికి వ్యాన్ దిగినవాళ్ళు నేరుగా లోపలికి వస్తున్నారు. సామాను పోతుందన్న భయంతో ఇంకా కొందరు రావట్లేదని ఈసారి నేనే అడిగి తెలుసుకున్నాను, కాస్త గర్వంగానే. ఏడాది పాటు ఉత్తరాలు రాసి లాకర్లు తెప్పించాను. అందులో ఫోను పడుతుంది, పర్సు పడుతుంది. పక్కబట్టలు, కేటరింగ్ యూనిఫాం, వంటగిన్నె అన్నీ కుక్కిన గోనెసంచి పట్టదు. లాకర్ల కొలతలు ఇచ్చింది నేనే.