పైగుడ్డ పద్యం: టీకా, తాత్పర్యం, విశేషాలు

భుజము మీద నున్న బుధుడన వెలుగును
నడుము చుట్టుకొన్న నమ్రుడగును
తలకు జుట్ట నెండ తలవంచి పోవును
సీటు మీద వేయ సీటు తనదె

అవతారిక: మూలపద్యాన్ని పాఠకుడికి పరిచయం చేసే మాటలను టీకాగ్రంథాలలో అవతారిక అంటారు. కుట్టు లేని ఒక గుడ్డను మనిషి ఏయే చోట్ల వేసుకొంటాడో, ఆ చోటును బట్టి లోకం అతణ్ణి ఏమని లెక్కగడుతుందో చెప్పడం ఈ ఆటవెలదికి ప్రయోజనం. పద్యం ఈ వ్యాఖ్య కోసమే పుట్టినదని ముందే ఒప్పుకోవడం న్యాయమైనా, కాలనిర్ణయం చేయకుండా పద్యాన్ని ముట్టుకోవడం టీకాకారుల సంప్రదాయం కాదు. నిజాం రాష్ట్రంలో ప్రభుత్వ బస్సులు 1932లో 27 బండ్లతో మొదలైనాయి గనుక, బస్సు సీటును చెప్పే నాలుగో పాదంలోని లోకం అంతకంటె బాగా వెనకటిది కాజాలదు. తక్కిన మూడు పాదాల లోకం మాత్రం అమరావతి స్తూపశిల్పాలంత పాతది. తలపాగాలు చుట్టుకొని, నడుముకు పట్టీ ముడివేసి దాని కొసలు వేలాడదీసుకొన్న పురుషులు ఆ పలకల మీద నేటికీ కనిపిస్తారు.

ప్రతిపదార్థం: భుజము మీదన్ ఉన్నన్ = మడత నలగకుండా భుజాన నిలిచినట్లయితే; బుధుడు అనన్ = చదువుకొన్నవాడు కాబోలు అనునట్లుగా; వెలుగును = ప్రకాశించును (చదువు ఉన్నదా లేదా అన్నది ఇక్కడ అప్రస్తుతం); నడుము చుట్టుకొన్నన్ = నడుముకు చుట్టుకొన్నట్లయితే; నమ్రుడు అగును = వినయవంతుడగును; తలకున్ చుట్టన్ = తలకు చుట్టుకొనగా; ఎండ = రోహిణికార్తెలో రోళ్లను పగలగొట్టునని ప్రసిద్ధికెక్కిన ఎండ; తలవంచి పోవును = ఓడి తొలగిపోవును; సీటు మీదన్ వేయన్ = కిటికీలోనుంచి గురిచూసి విసరగా; సీటు తనదె = ఆ ఆసనము తనకే చెందును.

తాత్పర్యం: గుడ్డ ఒక్కటే, పెద్దరికం, అణకువ, రక్షణ, ఆస్తి అనే నాలుగూ దాన్ని వేసిన చోటునుంచి వస్తాయి.

విశేషాలు: ఈ పద్యంలో ముందుగా గమనించవలసింది, వేసుకొనే వస్తువు పేరు ఎక్కడా లేకపోవడం. మూలంలో లేని పదాన్ని అర్థం కుదరడం కోసం బయటినుంచి తెచ్చుకోవడాన్ని అధ్యాహారం అంటారు. ఆ తెచ్చుకొనే పదం దగ్గరే ప్రాంతాల మధ్య పేచీ మొదలై, తువ్వాలని కొందరు, కండువా అని కొందరు, తుండుగుడ్డ అని కొందరు, తెలంగాణలో రుమాలు అని, సెల్ల అని మరికొందరు పట్టుబడతారు. కవి పేరు చెప్పకపోవడం పొరపాటు కాదు. కుట్టిన చొక్కాకు చేతులెక్కడో మెడ ఎక్కడో దర్జీ ముందే తీర్మానించి ఉంటాడు. కుట్టని గుడ్డకు అటువంటి విధి లేదు. చీరాలలోను, నల్లగొండ ప్రాంతపు పుట్టపాకలోను నూనెలో నానిన నూలుతో నేసిన తేలియా రుమాలు ఇందుకు గట్టి సాక్ష్యం. ఆ చదరపు గుడ్డ జాలరికి లుంగీగా, కష్టజీవికి తలపాగాగా, హైదరాబాదు జనానాలో దుపట్టాగా, సముద్రం దాటి అరబ్బుల తలగుడ్డగా చెల్లింది. దానికి భౌగోళిక గుర్తింపు 2020లో దక్కింది.

మొదటి పాదానికి పెద్ద వ్యాఖ్య అక్కరలేదు. ఇస్త్రీ చెడని కండువా ధరించినవాడు బరువు మోయడని చూడగానే తెలుస్తుంది; ఆ తెలియడమే అతని గౌరవం. కండువా కప్పుకోవడమంటే పార్టీ మారడమని అర్థం చెప్పే నేటి పత్రికాభాషకు కూడా ఆధారం ఈ పాదమే కాగా, అక్కడ బుధత్వం రంగును బట్టి నిర్ణయమవుతుంది.

రెండో పాదం పైకి తేలిక, లోన బరువు. ఇక్కడ ఒక పూర్వపక్షం ఉంది. పూర్వపక్షమంటే సిద్ధాంతానికి ముందు వినిపించే ఎదుటివారి వాదం. చీరకొంగు నడుముకు దోపిన ఇల్లాలు నమ్రురాలని ఏ ఊళ్లోనూ ఎవరూ అనరు. ఆమె ఇంటెడు పనికైనా, వీధి కొళాయి దగ్గర తగవుకైనా సిద్ధపడిందనే అంటారు. దీనికి సమాధానం: పద్యంలో ఉన్నది చుట్టుకోవడమే గాని దోపడం కాదు, దోపు వేరే శాస్త్రం. దైవసన్నిధిలో పైపంచెను నడుముకు చుట్టుకొనే ఆచారం దక్షిణదేశంలో ఉన్నమాట నిజమే గనుక, నమ్రత అక్కడ పొసగుతుంది. అయితే నైజాం కాలపు తెలంగాణలో దొర గడీ ముందునుంచి పోయేవాడు చెప్పులు చేతబట్టి, భుజం మీది గుడ్డను దించి నడిచింది వినయం పొంగి కాదు. గుడ్డ భుజం దిగడం ఒకడి భక్తి, మరొకడి భయం. ఆ రెంటికీ కవి ఒకే క్రియాపదం వాడి తప్పించుకొన్నాడని చెప్పక తప్పదు. ‘నమ్రుడగును’ అన్నచోట ‘నమ్రుడు చేయబడును’ అని కూడా అర్థం చెప్పుకోవాలి.

మూడో పాదంలో ఎండకు తల కల్పించి దాన్ని వంచడం సమాసోక్తి. అనగా ప్రస్తుతమైన వస్తువు మీద మరొకరి నడవడిని ఆరోపించే అలంకారం. అలంకారం కంటె ఇక్కడ పనితనం గొప్పది. మిరపకోతకో పత్తితీతకో పోయే స్త్రీ చీర మీద మగవారి పొడుగుచేతుల చొక్కా తొడిగి, దాని మీద తువ్వాలును నెత్తినుంచి చెవుల మీదుగా తెచ్చి గడ్డం కింద ముడివేస్తుంది. మిరప ఘాటు, పత్తికాయల గీతలు, చేనికి కొట్టిన మందు, ఎండ, ఈ నాలుగింటికీ ఆ మూడు పొరలే అడ్డు. చీర మీద జీన్సు జాకెట్టు తొడిగి, పైటను బెల్టుతో బిగించి, దానికి లేయరింగ్ అని పేరుపెట్టిన నగరపు అలంకారశాస్త్రం ఈ చేలగట్టు సంప్రదాయాన్ని ఎక్కడా స్మరించకపోవడం విచారకరం. హైదరాబాదులో స్కూటీ నడిపే యువతి చున్నీని కళ్లు మాత్రమే మిగిలేలా ముఖానికి చుట్టుకోవడం కూడా ఈ పాదంలోకే వస్తుంది. అయితే ఆ చున్నీ ఎండనూ దుమ్మునూ మాత్రమేగాక, ట్రాఫిక్ సిగ్నలు దగ్గర తగిలే మేనమామ చూపును కూడా వారించగలదు గనుక కవి ‘ఎండ’ అన్నది ఉపలక్షణం, అనగా ఒకదాన్ని చెప్పి దానివంటివాటన్నిటినీ సూచించడం.

నాలుగో పాదంలో ‘సీటు’ అన్యదేశ్యమని నొచ్చుకొని, ‘చోటు మీద వేయ చోటు తనదె’ అని దిద్దదలచే శుద్ధివాదులు ఉండవచ్చు. ఆ దిద్దుబాటుతో యతి నిలుస్తుంది గాని బస్సు నిలువదు. గుడ్డ ఇంతవరకు ఒంటిని అంటిపెట్టుకొని అర్థమిచ్చింది, ఇక్కడ ఒంటిని వదిలి మనిషికి బదులుగా కూర్చొంటున్నది. పద్యంలోని సాహసమంతా ఇదే. తర్కశాస్త్రం ప్రకారం ఇది అనుమానప్రమాణం: పొగను చూసి నిప్పును ఊహించినట్లు, తువ్వాలును చూసి మనిషిని ఊహించాలి. తెలంగాణలో 2023 డిసెంబరునుంచి స్త్రీలకు బస్సు ప్రయాణం ఉచితమైన తరువాత కిటికీలలో చున్నీలకు కూడా పని పెరిగింది గనుక, ఒకే సీటు మీద రెండు గుడ్డలు పడే సందర్భాన్ని శాస్త్రకారుడు ఆలోచించక తప్పదు. రెండు సూత్రాలు తలపడినప్పుడు తరువాతిదే బలమైనదని పాణినీయం. బస్సులో మాత్రం ముందు పడినదే బలమైనది. తువ్వాలు వేసి టీ తాగబోయిన మనిషి తిరిగి రాకముందే బస్సు కదిలితే, గుడ్డ ఉన్నా మనిషి లేడు గనుక ఆ హేతువు అనైకాంతికం, అనగా సాధించవలసినది లేనిచోట కూడా కనిపించే దుష్టహేతువు అవుతుంది. అప్పుడు సీటు నిలబడ్డవారిలో దగ్గరివారిది, తువ్వాలు కండక్టరుది.