పెరట్లో మొదలైన లగ్గాలు

లగ్గం ఖాయమైందని చెబితే ఇప్పుడు అందరూ అడిగే మొదటి మాట "ఫంక్షన్ హాల్ దొరికిందా?" అని. వనపర్తిలో ఇదే మాట, నాగర్‌కర్నూల్‌లో ఇదే మాట, గద్వాలలోనూ ఇదే మాట. హాల్ ఏ రోజు ఖాళీగా ఉంటే ఆ రోజుకే అయ్యగారితో ముహూర్తం పెట్టించుకునే ఇళ్లను కూడా చూస్తున్నాను. మా రోజుల్లో అమ్మలక్కలు వేరే అడిగేవాళ్లు. "చింతపండు కొట్టిండ్రా? విస్తరాకు కుట్టిండ్రా? పసుపు ఎన్నడు దంచుతరు?" అనేవాళ్లు. అడిగి ఊరుకునేవాళ్లు కాదు, కొంగు నడుముకు చెక్కి పనిలో కూర్చునేవాళ్లు.

నాకు కోపం ఖర్చు మీద ఒక్కటే కాదు. ఇంట్లో తయారు కావలసిన లగ్గాన్ని బయట కొనుక్కొస్తున్నారు. ఫాల్గుణ చైత్రాల్లో ఇంటి నిండా ఉండే పని పోయింది, ఆ పని కోసం వచ్చిపోయే మనుషులూ పోయారు. అది నాకు బాధ.

నేను పుట్టింది కొల్లాపురం దిక్కు, కృష్ణ ఒడ్డున. మెట్టింది గద్వాల దగ్గర, కృష్ణకూ తుంగభద్రకూ మధ్యన నడిగడ్డలో. ఇప్పుడు కొడుకు దగ్గర వనపర్తిలో ఉంటున్నాను. అందుకని ఈ మూడు దిక్కుల వాకిళ్లూ నాకు ఎరుకే. 2016 అక్టోబరులో మూడూ మూడు జిల్లాలయ్యాయి గానీ మాకు అంతా పాలమూరే.

పాలమూరులో వసంతమంటే చల్లగాలి కాదు. కాముని పున్నమికే ఎండ నెత్తిన కూర్చుంటుంది. చేలగట్ల మీద మోదుగులు ఆకు రాల్చి ఎర్రగా పూస్తాయి. ఆ పూలు తెచ్చి కుండలో ఉడకబెట్టి పిల్లలకు రంగు చేసి ఇచ్చేవాళ్లం. యాసంగి బుడ్డలు (వేరుశనగ) పీకి, కాయ కోసి, మార్కెట్టుకు తోలేది కూడా ఆ రోజుల్లోనే. బుడ్డలు అమ్మిన డబ్బు చేతిలో పడుతుంది, ఎడ్లకు పని తగ్గుతుంది, చేను ఖాళీ అవుతుంది. శ్రీరామనవమికి గుడిలో సీతారాముల లగ్గం అయ్యాక మన ఇళ్లల్లో లగ్గాలు. ఈ లెక్క ఎవరో కూర్చుని రాసింది కాదు, పంటను బట్టి వచ్చింది. ఇప్పుడు ముహూర్తానికీ పంటకూ సంబంధం తెగింది. బుడ్డల డబ్బు రాకముందే హాల్‌కు అడ్వాన్స్ కట్టాలి, దానికి అప్పు తేవాలి. పంట వచ్చేసరికి అది వడ్డీకే సరిపోతుంది.

లగ్గం ముందుగా పెరట్లో మొదలయ్యేది. మా అత్తగారి ఇంటెనుక జాలారు ఉండేది. స్నానాల నీళ్లు, గిన్నెలు తోమిన నీళ్లు అన్నీ ఒక సన్న కాలువ పట్టి అరటిచెట్టుకు, కల్యామాకు చెట్టుకు, మల్లె పొదకు, ఆనప పాదుకు పారేవి. నీటి చుక్క దొరకని నడిగడ్డలో ఎండకాలం కూడా పచ్చగా ఉన్న జాగా అదొక్కటే. జూరాల ప్రాజెక్టు రాక ముందటి మాట చెబుతున్నాను. మల్లెలు చైత్రంలో మొగ్గ వేస్తే ఇంటి ఆడపిల్లకు ఆ మల్లెలే. వాకిట్లో అరటిచెట్టు కట్టాలంటే పెరట్లోదే నరికేవాళ్లం. ఉన్న ఇంట్లో ఉన్నది తీసుకుని లేని ఇంటికి ఇచ్చేవాళ్లం. "మీ ఆనపకాయలు రెండు మా లగ్గానికి ఉంచు వదినా" అని పొరుగింటావిడ నెల ముందే చెప్పిపోయేది. ఆ రెండు కాయలు లేతగా ఉన్నప్పుడు మేం కోసుకున్నామా, మాట పోయినట్టే.

విత్తనం కూడా ఇంట్లోదే. ముదిరిన ఆనపకాయను ఎండబెట్టి, గుజ్జు తీసి, ఆ బుర్రలోనే బీర గింజ, చిక్కుడు గింజ బూడిదలో కలిపి పోసి దూలానికి వేలాడదీసేవాళ్లం. కోడలు పుట్టింటి నుంచి వచ్చేటప్పుడు చీరకొంగులో విత్తనం కట్టుకుని రావడం నేను చూశాను, నేనూ తెచ్చాను. ఇవాళ నడిగడ్డ ఎక్కడెక్కడికో విత్తన పత్తి పండించి పంపుతోంది. కంపెనీల కోసం మా ఆడవాళ్లు వేలితో పువ్వు పువ్వుకూ క్రాసింగ్ చేస్తారు. అంత చేసే ఊళ్లలో ఇంటికి సొంత చిక్కుడు గింజ లేదు. మా కోడలు మేడ మీద సంచుల్లో మొక్కలు పెంచుతుంది. మంచి పనే, రోజూ పొద్దున పోయి చూసి వస్తాను. కానీ ఆ గింజలు ప్యాకెట్టువి, హైబ్రిడ్‌వి. ఒకసారి కాసిన కాయ గింజ మళ్లీ పెడితే తల్లి కాయ రాదు. ఏటేటా కొనాలి. నా అత్త దాచిన చిక్కుడు నలభై ఇళ్లకు పంచినా తరగలేదు, ఒక్క తరంలో కనబడకుండా పోయింది. దీనికి ఎవరి మీద కోపం చేయాలో కూడా తెలియదు.

పని సంగతి చెప్పాలి. చింతపండు రాలే కాలం అది. పెంకు తీసి, గింజ కొట్టి, పీచు లాగి, ఉప్పు రాసి కుండకెత్తాలి. లగ్గమింట్లో పప్పుచారుకు ఎంత చింతపండు కావాలి! మధ్యాహ్నం ఎండ వేడికి బయటికి పోలేని ఆడవాళ్లందరూ వేపచెట్టు కింద చేరేవాళ్లు. ఒకళ్లు కొడుతుంటే ఒకళ్లు గింజ ఏరుతుంటారు. ఏ ఇంట్లో ఏ బాధ ఉందో ఆ చెట్టు కిందే బయటపడేది. అత్త కొట్టిందా, మగడు తాగుతున్నాడా, పిల్లకు నెల తప్పిందా, అన్నీ అక్కడే. బయటపడ్డాక ఎవరో ఒకరు దానికి దారి చూపేవాళ్లు. ఇవాళ ఆ బాధలు ఎక్కడ చెప్పుకుంటున్నారో నాకు అర్థం కాదు. ప్యాకెట్ చింతపండు కొంటే చేయి నొప్పి పుట్టదు, నిజమే.

తర్వాత మోదుగాకు. నల్లమల అంచున అచ్చంపేట, కొల్లాపురం వైపు ఆకుకు కొదవ లేదు. కట్టలు తెచ్చి, ఈనెలతో కుట్టి, ఒకదాని మీద ఒకటి పేర్చి బరువు పెట్టేవాళ్లం. విస్తరి చిల్లు లేకుండా కుట్టడం ఎనిమిదేండ్ల పిల్లకు కూడా వచ్చేది. అన్నం తిన్నాక ఆ ఆకు ఎడ్ల పెంటలో పడి ఎరువయ్యేది. మొన్న ఈ దిక్కునే ఒక రిసెప్షన్‌కు పోయాను. మరునాడు హాల్ వెనుక నాలాలో ప్లాస్టిక్ గ్లాసులు, థర్మాకోల్ ప్లేట్లు గుట్ట పడి ఉన్నాయి, ఒక ఆవు వాటిని నములుతోంది. ఆ ఆవు కడుపులో ఏమవుతుందో పెట్టినవాళ్లు తలచుకున్నారా? నాకు మాత్రం తిన్న అన్నం సహించలేదు.

ఇల్లు కూడా లగ్గానికి తయారయ్యేది. గోడలకు ఎర్రజాజు పూసి, కింద సున్నంతో పట్టె దిద్ది, వాకిలి పేడతో అలికి ముగ్గు వేస్తే ఇల్లు కొత్తగా కనబడేది. పందిరికి ఈతమట్టలు, నేరేడు కొమ్మలు, మామిడాకులు. దాని కింద ఎంత ఎండలోనైనా కూర్చోవచ్చు. ఇప్పుడు వాకిలంతా టైల్స్, బండి నిలపడానికి సిమెంటు. పందిరి గుంజ పాతడానికి బెత్తెడు మట్టి లేదు. వాన పడితే నీరు ఇంకకుండా రోడ్డు మీదికి పోతుంది, ఆ తర్వాత బోరు ఎండిందని అంటారు.

చీర సంగతికి వస్తే నేను ఎక్కువే మాట్లాడతాను, గద్వాల కోడలిని కదా. గద్వాల చీరకు పొట్ట నూలు, అంచూ కొంగూ పట్టు. రెండు రకాల దారాలను మగ్గం మీద పోగు పోగునా కలిపి నేయాలి, దాన్నే కుప్పడం అంటారు. కోటకొమ్మ అంచు తీయాలంటే మగ్గం దగ్గర ఇద్దరు కావాలి, ఒక్క చీరకు రోజులు పడతాయి. గద్వాల మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మ కాలంలో ఇక్కడి నేతగాళ్లను కాశీకి పంపి పని నేర్పించారని మా మామగారు చెప్పేవాడు. తిరుమల బ్రహ్మోత్సవాలకు ఏటా స్వామికి జోడు పంచెలు పోయేది గద్వాల మగ్గాల మీది నుంచే. లగ్గం అనుకున్నాక మేం మగ్గమున్న ఇంటికే పోయి అంచు రంగు చెప్పి బయానా ఇచ్చేవాళ్లం. మధ్యలో ఒకసారి పోయి ఎంతవరకు వచ్చిందో చూసేవాళ్లం. పెళ్లికూతురు తన చీరను సగం నేసి ఉండగా మగ్గం మీద చూసుకునేది. చీరకు 2010లో జీఐ గుర్తింపు వచ్చింది, అది మంచిదే. కానీ గుర్తింపు కాగితం మీద ఉంటే చాలదు, కట్టుకునేవాళ్లు ఉండాలి. ఇప్పుడు పిల్లలకు హల్దీకి ఒకటి, సంగీత్‌కు ఒకటి, రిసెప్షన్‌కు ఒకటి కావాలి. ఒక్క పూటకు కిరాయికి తెచ్చిన లెహంగాకు ఇచ్చే డబ్బుతో నూలు గద్వాల వస్తుంది. అది నేను కట్టి, నా బిడ్డ కట్టి, ఇప్పుడు మనుమరాలు కట్టుకోవచ్చు. మరమగ్గం చీర మీద అచ్చు వేసిన అంచును గద్వాల అంచు అని అమ్మితే కొనేవాళ్లు వెనక్కి తిప్పి చూడడం లేదు. చీర తిరగేసి అంచు కలిసిన చోట వేలితో తడిమి చూడండమ్మా, అక్కడే తెలిసిపోతుంది.

పసుపు దంచుడు మా ఇండ్లల్లో ఎప్పుడూ ఉన్నదే. రోలు, రోకలి, పసుపు కొమ్ములు, ముత్తైదువల పాట. ఇప్పుడు దానికి హల్దీ అని పేరు పెట్టి, పసుపు పచ్చ బట్టలు కొని, ప్లాస్టిక్ బంతిపూల తెర కట్టి, పసుపు పొడి దుకాణం నుంచి తెస్తారు. రోకలి ఫొటోకు పెడతారు.

ఈ ఫొటోల దగ్గరే నా మనసు బాగా నొచ్చింది. లగ్గానికి ముందే జంటను కొల్లాపురం దగ్గరి సోమశిలకు తోలుకపోయి పడవ మీద, ఒడ్డు మీద ఫొటోలు, వీడియోలు తీస్తున్నారు. నీళ్లు, కొండలు అందంగా ఉన్నాయంటారు. ఉన్నాయి. ఆ నీళ్ల కింద మా పుట్టిల్లు ఉంది. శ్రీశైలం డ్యాం నీళ్లు వస్తున్నాయని 1981లో ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేయించారు. సోమశిల గుళ్లను రాళ్లు విప్పి పైకి తెచ్చి మళ్లీ కట్టారు. మా అమ్మ పెరటిని ఎవరు పైకి తెస్తారు? నిమ్మచెట్టు, బావి, నా పసుపు దంచిన రోలు అక్కడే ఉండిపోయాయి. ఆ నష్టపరిహారంతో మా అన్నదమ్ములు మళ్లీ అంత భూమి కొనలేకపోయారు. నా మనుమడు ఆ ఫొటోలు చూపించినప్పుడు నేను వాడికి ఊరి పేరు చెప్పాను, బావి ఎక్కడ ఉండేదో చెప్పాను. వాడు శ్రద్ధగా విన్నాడు, పాపం. ఇన్నేండ్లు వాడికి ఎవరూ చెప్పలేదు.

మా రోజులన్నీ బంగారమని నేను అనను. నా లగ్గమైనప్పుడు నాకు పదహారు నిండలేదు. అప్పటి చట్టానికి పదిహేను చాలు, 1978లో పద్దెనిమిది చేశారు. నా బిడ్డ డిగ్రీ చదివాకే లగ్గం చేశాం, మనుమరాలు ఉద్యోగం చేస్తోంది. ఆ విషయంలో ఈ రోజులే మేలు. లగ్గం ఎన్ని చేతుల మీద జరిగేదో చెప్పాను కదా, ఆ చేతుల్లో కొన్నింటికి సరైన కూలి ముట్టలేదు. కుండలు తెచ్చినాయన, బట్టలు ఉతికినావిడ, సన్నాయి ఊదినాయన గింజల కోసం కల్లం దాకా వచ్చి నిలబడేవాళ్లు, కొలిచి పోసేవాళ్ల దయ. ఉగాది నుంచి ఉగాది దాకా జీతానికి కుదిరిన పిల్లగాడికి లగ్గమింట్లో బువ్వ దొరికేది గానీ బంతిలో చోటు దొరికేది కాదు. ఇది పోవాల్సిందే, పోవడమే న్యాయం. ఆ అన్యాయాన్ని తీసేసి, నలుగురు కూర్చుని చేసే పనిని మాత్రం ఉంచుకోవలసింది. మనం రెండూ తీసేసి మొత్తం సొమ్మును హాల్‌కూ, డెకరేషన్‌కూ, డీజేకూ ఇస్తున్నాం.

ఆడపిల్ల లగ్గానికి ప్రభుత్వం ఇచ్చే కల్యాణలక్ష్మి సొమ్ము సంగతి కూడా అంతే. 2014లో 51 వేలతో మొదలై తర్వాత 1,00,116 రూపాయలైంది. పెళ్లికూతురికి పద్దెనిమిది నిండితేనే ఇస్తారు, తల్లి పేరు మీద చెక్కు వస్తుంది. పేద తల్లికి అది పెద్ద ఆసరా. ఆ చెక్కు ఎప్పుడో వస్తుందని ముందే అప్పు చేసి హాల్ మాట్లాడుతున్నారు. కూలికి బొంబాయి, పూణే పోయి వచ్చిన పాలమూరు మనుషులు చెమటోడ్చిన డబ్బు ఒక్క రాత్రి లైట్లకు పోతుంటే ఊరుకోమంటే నేను ఊరుకోను.

మా గద్వాల సీమ బిడ్డే సురవరం ప్రతాపరెడ్డిగారు. "ఆంధ్రుల సాంఘిక చరిత్ర"లో రాజుల యుద్ధాలు పక్కన పెట్టి జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆటలు ఆడారు అన్నది వెతికి రాశాడాయన. తెలుగుకు మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు, 1955లో, ఆ పుస్తకానికే వచ్చింది. అంత పెద్దమనిషి ఇంటి సంగతులు చరిత్ర అని నమ్మితే, పసుపు దంచే పద్ధతి చెప్పబోతే "ముసలమ్మ చాదస్తం" అనడం ఏం మర్యాద?

మా మనుమరాలి లగ్గం వచ్చే వైశాఖంలో. హాల్ మాట్లాడేశారు, దానికి నేను అడ్డం పోలేదు. మూడు పనులు మాత్రం ఇంట్లోనే అని కొడుక్కీ కోడలికీ గట్టిగా చెప్పాను. పసుపు మేమే దంచుతాం. రోలు పక్కింటివాళ్లది అడిగాను, ఇస్తామన్నారు. వంద విస్తర్లు మేమే కుడతాం, ఇంటి బంతికి అవి చాలు. మనుమరాలిని గద్వాలకు తోలుకపోయి మగ్గం దగ్గరే చీర చెప్పించాను, కనకాంబరం రంగు అంచు అదే ఎంచుకుంది. లగ్గంలో పెట్టే ఐరేని కుండలకు కుమ్మరాయన ఇంటికి నేనే పోయాను. ఆయన చెప్పిన ధర చెప్పినట్టు చేతిలో పెట్టాను. కొడుకు ఎక్కువ ఇచ్చావన్నాడు. వాళ్ల నాయన మా ఇంటి లగ్గాలకు ఎన్ని కుండలు తెచ్చాడో, గింజల కోసం ఎన్నిసార్లు తిరిగాడో వాడికి కూర్చోబెట్టి చెప్పాను.