సగటు ప్యాకేజీ అనే కళాఖండం

డిజైన్ కాలేజీలో తయారయ్యే వస్తువులన్నిట్లోకీ నేర్పుగా తయారయ్యేది ప్రాస్పెక్టస్. లోపల నేర్పే విద్యలన్నీ అందులోనే కనబడతాయి: రంగుల పొందిక, అక్షరాల అమరిక, చూపరి కన్ను ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఆగకూడదో నిర్ణయించే ఒడుపు. ఆగాల్సిన చోట ‘హైయెస్ట్ ప్యాకేజీ’ అరచేతి మందాన ఉంటుంది. ఆగకూడని చోట, పేజీ అడుగున, చీమ తలకాయంత చుక్కగుర్తు ఉంటుంది.

సృజనకు వెల కట్టలేమని మొదటి పేజీ చెబుతుంది. ఆఖరి పేజీ సెమిస్టర్ల వారీగా కట్టి చూపిస్తుంది. నిజానికి ఖర్చు అంతకు ముందే, ఎన్‌ఐడీ, నిఫ్ట్, యూసీడ్ పరీక్షల కోచింగుతో మొదలవుతుంది. డిగ్రీ ఇచ్చే కాలేజీ ఫీజు మీద జీఎస్టీ లేదు, కోచింగు మీద 18 శాతం ఉంది. సృజన కన్నా సృజన పరీక్షే విలాస వస్తువని ప్రభుత్వం కూడా గుర్తించిందన్నమాట. ఆ మూడు పరీక్షల్లో సీటు రానివాళ్లకు ప్రైవేటు కాలేజీ స్వాగతం పలుకుతుంది. ప్రతిభను గుర్తించడంలో దానికున్నంత పెద్ద మనసు ఇంకెవరికీ లేదు.

నాలుగేళ్ల బీడిజైన్ కోర్సుకు ఏడాదికి 4 లక్షలు అనుకుందాం. ఇంతకు మించి వసూలు చేసేవీ ఉన్నాయి. ట్యూషన్ ఒక్కటే 16 లక్షలు. ఏడున్నర లక్షలు దాటిన చదువు అప్పుకు ప్రభుత్వ బ్యాంకులు సాధారణంగా తనఖా అడుగుతాయి కనుక తండ్రి బీరువాలోంచి పట్టాదారు పాసుపుస్తకం బయటికి వస్తుంది. వడ్డీ 11 శాతం అనుకుందాం. చదువు నాలుగేళ్లూ, ఆపైన ఒక ఏడాదీ వాయిదాలు కట్టనక్కర్లేదు. వడ్డీ మాత్రం సెలవు తీసుకోదు. మొదటి వాయిదా నాటికి అప్పు 22 లక్షలు దాటుతుంది. పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 30,500 కట్టాలి. మొత్తం కలిపితే 36 లక్షల పైచిలుకు.

హాస్టలు, లాప్‌టాపు, సాఫ్ట్‌వేర్లతో ఇది తడిసి మోపెడవుతుంది. మెటీరియల్ ఖర్చు మళ్లీ వేరు. ప్రాజెక్టులకు మార్కులు వేసే జ్యూరీకి ముందురోజు రాత్రి లేజర్ కటింగ్ షాపు ముందు వరస కట్టిన పిల్లల్ని చూస్తే దాని స్వరూపం తెలుస్తుంది. మిషను నిమిషాల లెక్కన తింటుంది. ఫైల్లో ఒక గీత తేడా వస్తే సన్‌బోర్డు మళ్లీ కొనాలి. తెల్లవారుజామున అలా తయారైన మోడల్‌ను పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని ఆటోలో కాలేజీకి చేరుస్తారు. జ్యూరీ దాన్ని అయిదు నిమిషాలు చూసి “ఇందులో కాన్సెప్ట్ ఏదమ్మా?” అని అడుగుతుంది. సాయంత్రానికి ఆ మోడల్ హాస్టలు అటక మీద ఉంటుంది.

ఇక రాబడి. ప్రాస్పెక్టస్‌లో ఉండేది ‘నూరు శాతం ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్’. ఇందులో ఆఖరి మాటే కీలకం. ఉద్యోగ ప్రకటనల లింకులను వాట్సాప్ గ్రూపులో ఫార్వర్డ్ చేయడాన్ని అసిస్టెన్స్ అంటారు. అసలు పనితనం సగటులో ఉంది. నలభై మంది బ్యాచ్‌లో కొందరు ‘పై చదువులకు’, కొందరు ‘సొంత స్టార్టప్‌కు’ వెళ్లారని లెక్కలోంచి తీసేస్తే పదిమంది మిగులుతారు. తొమ్మిదిమందికి ఏడాదికి 3 లక్షలు. పదోవాడికి బాబాయి కంపెనీలో 24 లక్షలు. సగటు 5 లక్షల 10 వేలు! సరిగ్గా అంత జీతం ఆ పదిమందిలో ఒక్కరికీ లేదు. కేంద్రం విద్యాసంస్థలకిచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల కోసం సగటును కాక మధ్యస్థ జీతాన్ని అడిగేది ఇందుకే. ఇక్కడ ఆ అంకె 3 లక్షలు, అంటే నెలకు పాతికవేలు. వాయిదా 30,500. అన్నం సంగతి ప్రాస్పెక్టస్ పరిధిలోకి రాదు.

ఈ కాకిలెక్క మన సొంతం కాదు. అమెరికాలో ‘ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్స్’ అనే కాలేజీల గొలుసు దీన్ని శాస్త్రీయ నృత్యం స్థాయికి తీసుకెళ్లింది. టెన్నిస్ తార సెరీనా విలియమ్స్ ఫ్లోరిడాలో వాళ్ల కాలేజీలో కొన్నాళ్లు ఫ్యాషన్ చదివింది. అక్కడ పూర్వ విద్యార్థుల సగటు జీతం లెక్కలో ఆమె వార్షికాదాయాన్నీ కలిపేశారని ఆ దేశపు విద్యాశాఖే తేల్చింది. సర్వీసులూ వాలీలూ డిజైన్ సిలబస్‌లో ఎక్కడున్నాయో మాత్రం చెప్పలేదు. ఆ గొలుసులో చివరికి మిగిలిన కాలేజీలు 2023 సెప్టెంబరులో మూతపడ్డాయి. 2024 మేలో అక్కడి ప్రభుత్వం 3 లక్షల 17 వేల మంది విద్యార్థుల అప్పులు, 610 కోట్ల డాలర్లు, రద్దు చేసింది. మన పాసుపుస్తకాలకు అలాంటి ఏర్పాటు లేదు.

డిజైన్ పనికి డబ్బు రాదని కాదు. హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో యూఎక్స్ డిజైనర్లకు మంచి జీతాలే ఉన్నాయి. కాకపోతే ఆ కంపెనీలు చూసేది పోర్ట్‌ఫోలియో. అందుకని డిజైన్ చదివినవాడి పక్క కుర్చీలో, యూట్యూబ్ చూసి ఫిగ్మా సాఫ్ట్‌వేర్ నేర్చుకున్న బీటెక్ కుర్రాడు కూర్చుంటాడు. ఇప్పటికీ శుభలేఖల మీద వాడే అక్షరాలకు పేరిచ్చిన బాపు చదివింది లా. దేశమంతటి నోట్ల మీదికీ ఎక్కిన రూపాయి గుర్తును 2010లో గీసింది మాత్రం ఐఐటీ బొంబాయిలో డిజైన్ చదివిన ఉదయకుమారే. దానికి ఆయనకు దక్కిన బహుమతి రెండున్నర లక్షలు. పైన అనుకున్న కాలేజీలో అది ఎనిమిది నెలల ఫీజు కూడా కాదు.

ఆఖరి సెమిస్టర్‌లో ‘లైవ్ ప్రాజెక్ట్’ ఉంటుంది. నిజమైన క్లయింటు, నిజమైన గడువు, జీతం లేదు. క్లయింటు ఒక్కోసారి కాలేజీయే, పని వచ్చే ఏటి ప్రాస్పెక్టస్. అంకె ఇంకాస్త పెద్దదిగా, చుక్కగుర్తు ఇంకాస్త చిన్నదిగా ఉండాలన్న సవరణలు రెండు మూడు విడతల్లో వస్తాయి.