మార్కుల డిస్కోర్సు

వాక్యం దగ్గరే ఆగిపోయే వ్యాకరణాన్ని దాటి, ఒక మాటను మరో మాట ఎలా పట్టుకొస్తుందో, ఒకరు ఆపిన చోట మరొకరు ఎలా అందుకుంటారో పరిశీలించే పద్ధతిని డిస్కోర్స్ ఎనాలిసిస్ అంటారు. 1952లో ఆ పేరుతోనే వ్యాసం ప్రకటించిన అమెరికన్ భాషావేత్త జెలిగ్ హారిస్, ఆ పేరులో మొదటి సగం తెలుగునాట గైడు పుస్తకాల్లో పొట్లాలు కట్టి అమ్ముడవుతుందని ఊహించి ఉండరు.

2011 నాటి రాష్ట్ర విద్యాప్రణాళిక చట్రాన్ని అనుసరించి వచ్చిన ఇంగ్లిషు వాచకాల సంకల్పంలో తప్పు పట్టవలసింది లేదు; విడివిడి వాక్యాలలో ఖాళీలు పూరించి అలసిపోయే పిల్లవాడు ఉత్తరం, డైరీ, సంభాషణ, వర్ణన వంటి నిండైన రూపాలలో భాషను వాడుతూ నేర్చుకోవాలన్నదే దాని సారం. అయితే ప్రశ్నపత్రం తాకినదేదీ మార్కులుగా మారక మానదు కనుక, డిస్కోర్స్ అనే మాటల నడక కాస్తా కంఠస్థం చేయవలసిన సరుకైంది, అందులో మేజర్, మైనర్ అనే అంతస్తులూ వెలిశాయి. పరీక్ష హాలు బయట "మేజర్ డిస్కోర్స్ ఏం రాశావురా?" అని ఒకరినొకరు నిలదీసుకునే పిల్లలకు, ఆ నిలదీతే డిస్కోర్స్ అన్న సంగతి మాత్రం సిలబస్‌లో లేదు.

గైడు సంభాషణ "హలో రవీ, హౌ ఆర్ యూ" అని మొదలై, నడుమ కాలుష్యమున్నా వరకట్నమున్నా చలించక, "థాంక్యూ ఫర్ యువర్ వాల్యుబుల్ ఇన్ఫర్మేషన్" అని ముగుస్తుంది. అందులో ఎవరూ ఎదుటివారి మాటకు అడ్డురారు, తడబడరు, "ఏంటీ?" అని మళ్లీ అడగరు, పెళ్లిచూపుల్లో సైతం ఇంతటి మర్యాద కనిపించదు. ఇక డైరీ సంగతికి వస్తే, పంట మునిగిన రైతుకైనా ఆ రోజు "మెమరబుల్ డే" కాక తప్పదు.

"ఎక్కడికో బయల్దేరినట్టున్నారు" అన్నది ప్రశ్న వేషం కట్టిన పలకరింపని, దానికి ఊరి పేరు చెప్పనక్కర్లేదని, "ఇలా పక్కకే" అంటే చాలునని అదే పిల్లవాడికి బడికి రాకముందే తెలుసు. "ఇంతకీ" అన్న ఒక్క మాటతో లోకాభిరామాయణాన్ని ఆపి అప్పు సంగతికి ఎలా రావచ్చో ఇంట్లో పెద్దలను చూసి గ్రహించాడు కూడా. ఆ "ఇంతకీ" చేసే పనిని ఇంగ్లిషులో ఏ మాట చేస్తుందో, మనం "మరి ఉంటానండీ" అని మూడుసార్లు అని కూడా గుమ్మం దాటకపోతే ఇంగ్లిషు మాట్లాడేవారు ఏమనుకుంటారో పోల్చి చూపడమే రెండో భాష బోధనలో డిస్కోర్స్ ఎనాలిసిస్‌కు అసలు పని. అలాంటి పోలికకు పేజీ కేటాయిస్తే అది ఎన్ని మార్కుల ప్రశ్నో తేలదు.

బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయానికి చెందిన సింక్లెయర్, కూల్తర్డ్ 1975లో తరగతి గది మాటలను విశ్లేషించి, ఉపాధ్యాయుడు అడగడం, విద్యార్థి బదులివ్వడం, ఆ బదులుకు ఉపాధ్యాయుడు విలువకట్టడం అనే మూడు మెట్లను గుర్తించారు. బస్టాండులో విజయవాడ బస్సు ఎప్పుడని అడిగి, జవాబు విన్నాక "వెరీ గుడ్, సిట్ డౌన్" అనే ప్రయాణికుడు ఎక్కడా తారసపడడు కనుక ఈ మూడో మెట్టు బడికే ప్రత్యేకం. "వాట్ ఈజ్ డిస్కోర్స్?" అని ఉపాధ్యాయుడు అడగగానే తరగతి యావత్తూ గైడులోని నిర్వచనాన్ని ఒకే గొంతుతో అప్పజెబుతుంది, "వెరీ గుడ్" అని ఆయన అనడంతో మూడు మెట్లూ లెక్కకు సరిపోతాయి.