ట్యూబులెస్ వ్రతం

ట్యూబు తీసెయ్యండి, పంక్చర్ల పీడ విరగడవుతుంది అంటున్నారు రోడ్ బైకు పండితులు. హైదరాబాద్ ఔటర్ పక్కన సోలార్ కప్పు కింద వేసిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ మీద తెల్లారుజామున ఈ బోధ విననివాడు లేడు. వ్రతవిధానం మాత్రం టైర్లు కొన్నాకే చెబుతారు.

ముందు మడి. రిమ్మును స్పిరిటుతో జిడ్డు పోయేలా తుడవాలి. చువ్వల రంధ్రాలు మూసుకునేలా టేపు సాగదీసి చుట్టాలి. ముడత పడిందా, గాలి నిలవదు. అంత కట్టుదిట్టంగా మూసిన దానికి మళ్లీ మనమే వాల్వు కోసం చిల్లు పొడవాలి!

ఇక టైరు. రిమ్మును వదలకూడదు కాబట్టి బిర్రుగా తయారుచేస్తారు, కాబట్టి చచ్చినా ఎక్కదు. చివరి జానెడు దగ్గర బొటనవేళ్లు బొబ్బలెక్కుతాయి. ఎక్కాక మామూలు పంపుతో కొట్టిన గాలి కొట్టినట్టే అంచుల్లోంచి బుస్సుమంటుంది. సబ్బునీళ్లు రాయండి, వాల్వు కోర్ విప్పండి, కంప్రెసర్ పట్టండి అంటారు. గ్రహాలు అనుకూలిస్తే ఠప్పుమని పేలినట్టు టైరు అంచు రిమ్ములో కూర్చుంటుంది. పక్కవాటా వాళ్లు తలుపు తీసి చూస్తారు.

ఆనక తీర్థం, అదే సీలెంటు. పాలలాంటి ఈ ద్రవం టైరులోకి కొంత, గోడ మీదికి కొంత పోతుంది. పైగా కొన్ని నెలల్లో ఎండిపోతుంది. మన ఎండల్లో ఇంకా తొందరగా. అప్పుడు మళ్లీ పోయాలి.

గాలికీ నియమముంది. టైరు అంచును పట్టుకునే కొక్కెం లేని హుక్‌లెస్ రిమ్ములో 5 బార్లకు, అంటే సుమారు 73 పీఎస్ఐకి మించకూడదు. 2024 ఫిబ్రవరిలో యూఏఈ టూర్ సైకిల్ రేసులో బెల్జియం రైడర్ థామస్ డి గెంట్ పడిపోయినప్పుడు టైరు అలాంటి హుక్‌లెస్ రిమ్మునుంచే ఊడొచ్చేసింది. రాయి తగలడం వల్లనా, రిమ్ము వాటం వల్లనా అని కంపెనీలూ రైడర్లూ వాదించుకున్నారు. రోడ్డు మీద పడ్డ మనిషికి ఆ మీమాంసతో పనేముంది?

అదే ట్యూబున్న టైరైతే, వీధి మూల మీది పంక్చర్ షాపులో ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి, బుడగ లేచిన చోట గీకి, సొల్యూషన్ రాసి ప్యాచ్ అంటిస్తారు. టీ చల్లారేలోపు పనైపోతుంది.

అన్యాయంగా మాట్లాడకూడదు. చిన్న ముల్లు దిగితే సీలెంటు గడ్డకట్టి చిల్లు మూసేస్తుంది, తొక్కేవాడికి తెలియను కూడా తెలియదు. కొండదారుల్లో తక్కువ గాలితో తిరిగే మౌంటెన్ బైకులకైతే ఇది వరమే. కానీ టైరు బాగా కోసుకుపోతే సీలెంటు చేతులెత్తేస్తుంది. అందుకని ఆ పండితులే చివర్లో మెల్లగా చెప్పే మాట: ఎందుకైనా మంచిది, జేబులో ఒక ట్యూబు ఉంచుకోండి.

సరే, ఉంచుకున్నాం. నడిరోడ్డు మీద ఆ బిర్రు టైరును పెకిలించి, రబ్బరు పాలు కారుతున్న చేతులతో, బిగుసుకుపోయిన వాల్వు నట్టు ఊడదీసి ట్యూబు వెయ్యాలి. వేసే ముందు టైరు లోపల వేలితో తడిమి, ఇన్నాళ్లూ సీలెంటు గుట్టుగా దాచిన ముళ్లన్నీ ఏరుకోవాలి. ఒక్కటి మిగిలినా ఆ ట్యూబుకీ పంక్చరే.